కృష్ణమ్మకు చదివిన ఉత్తరాలు

పోయిన వానాకాలం మా బాపు రామ్‌చందర్ చనిపోయారు. పదిహేనేళ్లు ఫౌజులో, ఆ తర్వాత ఇరవై నాలుగేళ్లు యాకుత్‌పురా గల్లీల్లో పోస్ట్‌మ్యాన్‌గా పనిచేసిన మనిషి. ఎంత వానలోనైనా బూట్లకు పాలిష్ తప్పేది కాదు. సైకిల్‌కు స్టాండు వేసి, చొక్కా సర్దుకున్నాకే తలుపు కొట్టేవారు. ఇదంతా ఆ బస్తీలో అందరికీ తెలుసు. కృష్ణమ్మ సంగతి మాత్రం పోవడానికి నెల ముందు, ఓ మధ్యాహ్నం, నాకొక్కదానికే చెప్పారు.

కృష్ణమ్మ రైల్వే స్టేషన్ వెనక బర్రెలను పెట్టుకుని పాలు అమ్మేది. భర్త లేడు. ఒక్కగానొక్క కొడుకు జగదీశ్వర్ డెబ్బై ఒకటి యుద్ధంలో తప్పిపోయాడు. ఆచూకీ దొరకలేదని ఫౌజు నుంచి కాగితం వచ్చింది గానీ ఆమె నమ్మలేదు, కర్మ చేయనివ్వలేదు. ఆ గల్లీ బాపు ఉత్తరాలు పంచే బీటుకు వచ్చేనాటికి పద్నాలుగేళ్లు గడిచాయి. ఆమె కళ్లకు పొరలు కమ్మాయి. సైకిల్ చప్పుడు వినగానే గడపలోకి వచ్చేది.

"మా జగదీశు ఉత్తరం వచ్చిందా, కొడుకా?"

"రాలేదమ్మా."

రెండేళ్లు ఇదే మాట. బాపు కూడా ఆ యుద్ధంలో ఉన్నవారే. పక్కనే షెల్లు పేలి ఎడమ చెవి పూర్తిగా పోయింది. జగదీశ్వర్‌ను ఎన్నడూ చూడలేదు గానీ, అట్లా తప్పిపోయినవాళ్లను చాలామందినే ఎరుగుదురు. ఒకరోజు 'లేదు' అనడానికి నోరు రాలేదు. సంచిలోంచి ఖాళీ ఇన్‌లాండ్ లెటర్ తీసి, విప్పి, చదువుతున్నట్టు మొదలుపెట్టారు. చలి, గట్టిపడిన రొట్టెలు, గడ్డకట్టిన నూనె సీసా... అన్నీ తన ఫౌజు రోజుల ముచ్చట్లే. చివర్లో మాత్రం అనుకోని మాట ఒకటి నోట్లోంచి వచ్చింది.

"సితార ఎట్లున్నదే అమ్మా?"

కృష్ణమ్మ చెయ్యి తలుపు మీద ఆగిపోయింది. "వాడు ఫౌజుకు పోయిన యాడాదే అది సచ్చిపాయె. బాధపడ్తడని నేనే రాపియ్యలే. నొసట తెల్లమచ్చ బర్రె. దానికి గా పేరు పెట్టింది వాడే."

ఆ పేరు బాపుకు ఎవరూ చెప్పలేదు.

ఆ తర్వాత నెలకో ఉత్తరం. ప్రతిసారీ తాను అనుకోని మాట ఒకటి పడేది. ఓసారి దవడ పన్ను సలుపు, ఓసారి చిన్నప్పుడు సున్నం బట్టీలో కాలిన మోకాలు. "అవును, వాని మోకాలే" అనేది ఆమె.

"పోయిన చెవుల ఎవలో మెల్లగ చెప్పినట్టుండేది, బిడ్డా" అన్నారు బాపు. "కుడి చెవి గట్టిగ మూసుకొని సూసిన. అయినా ఇనొచ్చింది."

భయపడి, బీటు మార్చమని అర్జీ రాశారు. రాసి, చింపేశారు.

మూడేళ్లు గడిచాయి. చనిపోయినవాళ్ల పేరు మీద బియ్యం ఇచ్చే పెత్రమాసకు ముందురోజు కాగితం విప్పి, దసరాకు సెలవు దొరకలేదని చెప్పబోయారు. వచ్చిన మాటలు వేరు.

"అమ్మా, నాకిప్పుడు సలి పెడ్తలేదు. ఇగ ఉత్తరం రాయలేను. రేపు నా పేరు మీద బియ్యం ఇయ్యి."

తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. కృష్ణమ్మ ఏడవలేదు.

"ఇంకోపారి సదువు."

"కాగితం మీద ఏం లేదమ్మా. ఎన్నడు లేకుండె. నా అంతట నేనే చెప్పిన." బాపు గడప ముందు కూలబడి అంతా ఒప్పుకున్నారు.

ఆమె కాగితం తీసుకుని రెండువైపులా తడిమి చూసింది. "మరి సితార పేరు నీకెవలు చెప్పిన్రు?"



మర్నాడు సెలవు పెట్టి, ఆటోలో ఆమెను పురానాపూల్ దగ్గరి గుడికి తీసుకెళ్లారు. బియ్యం పళ్లెం బాపే పట్టుకున్నారు. ఎవరి పేరు మీద అని అయ్యగారు అడిగితే, పందొమ్మిదేళ్లలో మొదటిసారి కృష్ణమ్మ కొడుకు పేరు చనిపోయినవాళ్ల వరసలో చెప్పింది. అక్కడే, ఆ మెట్ల మీదే, గట్టిగా ఏడ్చింది.

ఆమె బతికి ఉన్నన్నాళ్లూ బాపు నెలనెలా వెళ్లి చాయ్ తాగి వచ్చేవారు. ఉత్తరం మాట మళ్లీ ఆమె ఎత్తలేదు.

"నీకు భయం కాలేదా, బాపు?" అని అడిగాను.

"అయింది. మాతోని యుద్ధానికి పోయి తిరిగి రానోళ్లు ఇంక మస్తుమంది ఉన్నరు, బిడ్డా. వాళ్ల మాట చేరేద్దమంటె వాళ్ల అమ్మల ఇండ్లు నా బీటుల లేవు" అని గోడవైపు తిరిగి పడుకున్నారు.