ఎర్ర పళ్లేల మీద జిడ్డు మరక

ఆ నెలంతా మా అమ్మను కొబ్బరి నూనె సీసా ముట్టుకోనివ్వలేదు. ఆవిడవి మట్టిలో నానీ నానీ కణుపుల దగ్గర చీలిపోయిన చేతులు. నూనె రాసుకోకపోతే అన్నం కలుపుకోవడానికి కూడా వేళ్లు ముడుచుకోవు. అయినా సరే, వద్దంటే వద్దన్నాను.

మాది కడియం దగ్గర కుమ్మరి ఇల్లు. నర్సరీల వాళ్లు ప్లాస్టిక్ కుండీలకు అలవాటు పడ్డాక నాన్న సారె మూలన పడింది. అలాంటప్పుడు రాజమండ్రిలో హోటల్ పెడుతున్న ఒకాయన వచ్చి, పాతకాలం రోమన్లు తిన్న ఎర్ర పళ్లేల ఫొటో ఫోన్‌లో చూపించాడు. "ఇలాంటివి చేయగలరా అండి?" అన్నాడు. చేస్తామని నేనే ముందు నోరు జారాను. డిగ్రీ చదివాను కదా, ఇంట్లో అందరికంటే నాకే ఎక్కువ తెలుసని పొగరు.

ఆ పళ్లేల నునుపంతా పూతలోనే ఉంది. ఎర్రమట్టిని నీళ్లలో కలిపి రోజుల తరబడి కదపకుండా ఉంచితే ఇసుక అడుక్కి దిగిపోతుంది. పైన మిగిలిన చిక్కటి మట్టినీళ్లలో ఆరిన పళ్లేన్ని ముంచి, ఆవంలో కాల్చాలి. నాన్న సారె మీద చేసేవాడు, నేను ఆరినవి తెచ్చి అందించేదాన్ని, అమ్మ ముంచేది.

మొదటి ఆవం తీసేసరికి సగం పళ్లేలకు అంచు దగ్గర పూత పెచ్చులూడిపోయింది. జిడ్డు తగిలిన చోట పూత పట్టదు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ హోటలాయన చూస్తుండగానే అమ్మ చెయ్యి లాక్కుని వాసన చూశాను.

"కొబ్బరి నూనె! సిగ్గుందా నీకు?"

"శనగపిండితో కడుక్కునే ముంచానే అమ్మాయ్."

"నోర్ముయ్. ఇక నూనె సీసా జోలికెళ్తే ఊరుకోను."

రెండో ఆవంలోనూ అవే మరకలు. అప్పటికి అమ్మ చేతుల్లో నూనె చుక్క లేదు, చీలికల్లోంచి రక్తం కారుతోంది. పాడైన పళ్లేన్ని చేతిలోకి తీసుకుని చూశాను. అమ్మ ఎప్పుడూ అడుగున పట్టుకుని ముంచుతుంది. అంచు పట్టుకునేది నేను. రోజూ పని మధ్యలో సెంటర్లో బండి దగ్గర మిరపకాయ బజ్జీలు తిని, చెయ్యి చున్నీకి తుడుచుకుని వచ్చేదాన్నీ నేనే. ఛీ, నా బతుకు!

హోటలాయన వచ్చి, "మళ్లీ అమ్మగారేనా అండి?" అన్నాడు.

"అవునండి" అన్నాను. ఆ మాట అనడానికి నాకు ఒక్క క్షణం కూడా పట్టలేదు.

ఆ తర్వాత నేను గుట్టుగా సబ్బుతో చేతులు కడుక్కోవడం మొదలుపెట్టాను. మూడో ఆవంలో ఒక్క పళ్లెం కూడా పాడవలేదు. ఆయన మురిసిపోయి, "మొత్తానికి అమ్మగారిని దారిలో పెట్టారండి" అన్నాడు. నేను నవ్వాను కూడా.

అమ్మ పళ్లేల మధ్య గడ్డి సర్దుతోంది. ఒక పళ్లెం తీసి, అంచు మీద వేలితో ఒకసారి రాసి చూసి, పెట్టెలో పెట్టింది.

"ఇంకెప్పుడూ అలా జరగదండి, నాదే పొరపాటు" అంది ఆయనతో, నా వైపు చూడకుండా.