మామ పట్టిన వాన నీళ్లు

మైదుకూరులో బస్సు ఆపగానే టీ కొట్టాయన దగ్గరికి వచ్చి, "మీ బ్యాటరీ మామ పోయినాడప్పా. నిన్న మధ్యాన్నం మన్ను చేసినారు" అన్నాడు. మామ నాకు చుట్టం కాదు. ఆ ఊళ్లో బస్సులకూ లారీలకూ కరెంటు పని చేసే మేస్త్రి. మతాలు వేరైనా పదిహేనేళ్లుగా నేను మామా అన్నాను, ఆయన అల్లుడా అన్నాడు.

నేను కడప–కర్నూలు బస్సు డ్రైవరును. మొదట్లో మా బస్సు దీపాల కంటే మిణుగురులే నయం. పెద్ద దీపాలు పెట్టమని మామ వెంట పడ్డాను. ఆయన నవ్వి, "పెడతా సరే, వాటికి తిండి యాడుండాది?" అన్నాడు. పాత డైనమో తీసి పెద్దది బిగించాడు. బ్యాటరీ మార్చాడు. సన్న తీగలన్నీ పీకేసి లావువి లాగాడు. చివర్న ఇంజను తిప్పి, దీపాలన్నీ వేసి, ఒక్కొక్క తీగనూ ముంజేతికి ఆనించుకున్నాడు, బిడ్డకు జ్వరం చూసినట్టు. "అందరూ వెలుతురే చూస్తారు. తీగె కాలుతాందో లేదో ఎవురూ చూడరు" అనేవాడు ఎప్పుడూ.

బస్సు అప్పగించేటప్పుడు ఒక్కటే చెప్పాడు. "ఈ బ్యాటరీలో బాయి నీళ్లు పొయ్యొద్దప్పా. మన నీళ్లు శానా ఉప్పు, లోపల పలకలు చెడిపోతాయి. నా కాడ వాన నీళ్లుండాయి, వచ్చి తీసుకపో."

మా సీమలో పడే నాలుగు చినుకులనే ఆయన మిద్దె మీద తెల్లగుడ్డ కట్టి వడకట్టి, జాడీల్లో దాచేవాడు. "జాడీలన్నీ నీ బ్యాటరీలకే అయితే ఊరగాయ నీ నెత్తిన పెట్టేదా?" అని అత్త కసురుకునేది.

ఆ వేసవిలో మామ ఇంటిదాకా పోవడానికి బద్ధకించి, దారిలో బాయి నీళ్లే పోశాను. ఒకసారి కాదు, ఎండలు పోయేదాకా. చివరికి ఊరి బయట బస్సు నిలిచిపోయింది. బస్సు యజమాని వచ్చి పదిమందిలో మామ మీద విరుచుకుపడ్డాడు. "లావు తీగెలు వేస్తానని బ్యాటరీని నాశనం చేస్తివి గదా!"

మామ బ్యాటరీ మూతల చుట్టూ పేరుకున్న తెల్లటి ఉప్పును గోటితో గీకాడు. నా వైపు ఒక్కసారి చూశాడు. "నాదే పొరపాటు. మళ్లీ చేసిస్తాలే" అన్నాడు.

దాంతో నా ఉద్యోగం నిలిచింది. ఆ యజమాని బస్సులు మాత్రం ఆ తర్వాత ఆయన దగ్గరికి పోలేదు. నేను కనబడితే "దీపాలు బాగుండాయా అల్లుడా?" అనేవాడే గాని, ఆ మాట ఎత్తేవాడు కాదు. ఈసారి చెబుదాం, వచ్చేసారి చెబుదాం అనుకుంటూ ఇన్నేళ్లు గడిపాను. పిరికితనం, ఇంకేం లేదు.

జనాన్ని కాసేపు ఆగమని ఆయన ఇంటికి పోయాను. అత్త గడపలో కూర్చుని ఉంది.

"అత్తా, ఆ పొద్దు బ్యాటరీ చెడగొట్టింది నేనే" అన్నాను.

"తెలుసులేప్పా. మీ మామ ఆ పొద్దే చెప్పినాడు. 'వానికి నలుగురు బిడ్లు, పని పోతే యాడికి పోతాడు' అన్నాడు."

లోపలికి పోయి ఒక జాడీ తెచ్చింది. "మొన్నటి వానకు పట్టినాడు. నీ బస్సుకని పక్కన పెట్టినాడు."

జాడీ మూతికి ఆయన కట్టిన తెల్లగుడ్డ అలాగే ఉంది. దాన్ని నా సీటు పక్కనే పెట్టుకుని బయలుదేరాను. కర్నూలు దాకా, గుంత వచ్చిన ప్రతిచోటా నా ఎడమచెయ్యి దాని మీదికి పోయింది.