సైలెన్స్! లాల పోస్తున్నారు!

ఫిలింనగర్‌లో ఏ పిల్లాడైనా స్నానం చేస్తూ దగ్గాడంటే చాలు, సుబ్రహ్మణ్యంగారు అక్కడ ప్రత్యక్షమైపోతారు. పిలవక్కర్లేదు. మెడలో హెడ్‌ఫోన్లు, చేతిలో మైకు, భుజాన రికార్డరు సంచి. సినిమాలకు సౌండ్ రికార్డిస్టుగా జీవితమంతా చేసినాయన కదా, గోడ అవతలి దగ్గు కూడా ఆయన చెవిన పడాల్సిందే. "నీళ్ళు ముక్కులోకి పోయాయా? జలుబైతే సరే, నెమ్ము చేస్తే?" అంటూ పిల్లాడి వీపుకు మైకు ఆనించి, వేలెత్తి, "సైలెన్స్! రోలింగ్!" అంటారు. ఆ అరుపుకి కుక్కరు సైతం కూత మింగేస్తుంది.

ఓసారి జూబ్లీహిల్స్‌లో ఓ నిర్మాతగారి మనవడి పుట్టినరోజు. స్విమ్మింగ్ పూల్ నిండా పిల్లలు. ఎవరో దగ్గారు. ఎవరన్నది తెలియలేదు. ఇంకేముంది, సుబ్రహ్మణ్యంగారు పిల్లలందర్నీ గట్టెక్కించి, తువ్వాళ్ళు చుట్టించి, వరసగా నిలబెట్టి వీపులన్నీ విన్నారు. చివరికి తేలిందేమిటంటే, దగ్గింది నిర్మాతగారు. ఆయన్ని మాత్రం వదిలారా? చొక్కా విప్పించారు. ఈలోగా కొవ్వొత్తులు కరిగి కేకులో కలిసిపోయాయి.

ఆయన కింది ఫ్లాట్లో ఉండే సాయిసుధ ఈ కథ చెప్పుకుని పడీపడీ నవ్వేది. తన వంతు వచ్చేదాకా.

ఆ పొద్దున మోతీనగర్ నుంచి వచ్చే పనిమనిషి బాలమణి కాళ్ళు చాపుకుని, ఐదు నెలల బుజ్జిగాణ్ణి వాటి మీద పడుకోబెట్టి లాల పోస్తోంది. వాడు ఏడవడానికి నోరు తెరవడం, చెంబెడు నీళ్ళు మొహాన పడటం ఒకేసారి జరిగాయి. పిల్లాడు ఉక్కిరిబిక్కిరై, మొహం కందిపోయి, ఒకటే దగ్గు.

సాయిసుధ అత్తగారు జగదాంబ మనవడి మాడు మీద మెల్లగా తట్టింది. "పొలమారింది, అంతే. ఎవరో తలుచుకుంటున్నారు. మా అన్నయ్యే అయ్యుంటాడు."

"జర ముక్కుల ఊదితె అయిపాయె," అని బాలమణి వంగింది.

"కట్!"

గుమ్మంలో సుబ్రహ్మణ్యంగారు! "ఊదకు తల్లీ! దగ్గనీ, దగ్గితేనే నీళ్ళు బయటికొస్తాయి. జగదాంబగారూ, తలుచుకుంటున్నది మీ అన్నయ్య కాదండీ, నెమ్ము!"

"గిదేంది సారూ, పోరడు జర దగ్గిండు, గంతే!"

"సైలెన్స్! రోలింగ్!"

మైకు వీపుకు ఆనింది. అందరూ ఊపిరి బిగబట్టారు. "ప్రస్తుతానికి ఓకే. కానీ కనిపెట్టి ఉండు సుధమ్మా. దగ్గు తగ్గకపోయినా, ఒళ్ళు కాలినా, ఊపిరి వేగంగా తీసినా డాక్టరే."

"మేం పిల్లల్ని పెంచలేదు మరి!" అని జగదాంబ తలుపేసేసింది.

మర్నాడు సాయంత్రానికి బుజ్జిగాడి ఒళ్ళు పెనంలా కాలుతోంది. గబగబా ఎగశ్వాస. డొక్కలు లోపలికి పోతున్నాయి. సుధ భర్త అవుట్‌డోర్ షూటింగ్‌లో ఉన్నాడు.

"అత్తయ్యా, ఆస్పత్రికి వెళ్దామండీ."

"ప్రతి దగ్గుకీ ఆస్పత్రేనా? మీ ఆయన్ని నేను వాము నీళ్ళతోనే పెంచాను. ఆ మైకాయన నీ బుర్ర పాడుచేశాడు!"

సుధ ఇక అత్తగారితో తగువుకి సిద్ధపడి బిడ్డను భుజానేసుకుంది. సరిగ్గా అప్పుడే బెల్లు మోగింది. సుబ్రహ్మణ్యంగారు పిల్లాడి డొక్కలు చూశారు, సుధ మొహం చూశారు, చటుక్కున జగదాంబ వైపు తిరిగారు.

"అమ్మా, మీరే ఆదుకోవాలి. ఓ సినిమాలో ఆస్పత్రి సీనుంది. పసివాడి ఏడుపు, నాయనమ్మ ఆవేదన సహజంగా కావాలి. ఎంతమందితో చెప్పించినా అతకట్లేదు. మీ గొంతైతే..."

"నా గొంతా?"

"గంట మోగినట్టుంటుంది! కానీ ఇప్పుడే వెళ్ళాలి."

మాట పూర్తయ్యేలోగా జగదాంబ పట్టుచీర కుచ్చిళ్ళు పెట్టుకుంటోంది.

"వినిపించేది గొంతేగా అత్తయ్యా!"

"గొంతుకి మాత్రం మర్యాద ఉండొద్దుటే? ఆటో పిలువు!"

ఆస్పత్రిలో జగదాంబ మైకు ముందు చేతులు జోడించి, "డాక్టరుగారూ! నా మనవణ్ణి మీరే కాపాడాలి!" అనేసరికి హాల్లో ఉన్న రోగులందరూ లేచి నిలబడ్డారు.

"అద్భుతం! వన్ మోర్!" అన్నారు సుబ్రహ్మణ్యంగారు. లోపల డాక్టర్ అరుణజ్యోతి బుజ్జిగాణ్ణి పరీక్ష చేసే పనిలో ఉంది.

"ఊపిరితిత్తుల్లో ఇన్ఫెక్షన్ మొదలైంది," అంది డాక్టరు సుధతో. "చాలామంది పిల్లలకు దగ్గుతోనే సరిపోతుంది. ఒక్కొక్కరికి నీళ్ళతోపాటు క్రిములూ పోయి ఇలా ముదురుతుంది. సమయానికి తెచ్చారు. రాత్రికి ఇక్కడే ఉంచుదాం. గండం ఏమీ లేదు." తర్వాత గుమ్మం వైపు చూసి, "సుబ్రహ్మణ్యంగారూ, ఈ నెలలో ఇది ఎన్నో సినిమా అండీ?" అని అడిగింది.

ఆయన చెవి గోక్కున్నారు.

సుధకు అప్పుడు కనబడింది మైకు వైరు. దాని రెండో కొస దేనికీ తగిలించి లేదు, గాల్లో ఊగుతోంది. సంచిలోకి తొంగిచూస్తే రికార్డరే లేదు. ఓ మెత్తటి తువ్వాలు, ఓ గిలక్కాయ!

"బాబాయిగారూ! మరి ఇన్నాళ్ళూ విన్నదేమిటండీ?"

"వినడానిక్కాదు తల్లీ. అందరి నోళ్ళూ మూతపడితేగానీ పిల్లాడి వైపు ఎవరూ చూడరు." గొంతు తగ్గించారు. "మీ అత్తగారిది మంచి మనసే. ఓడిపోయి ఆస్పత్రికి రమ్మంటే రారు. హీరోయిన్‌గా పిలిస్తే అందరికంటే ముందొస్తారు."

ఇంతలో జగదాంబ కొంగు సర్దుకుంటూ వచ్చింది. "ఏమండీ, ఇందాక ఏడుపు కాస్త తక్కువైంది. ఇంకో టేకు చేద్దామా?"

సుబ్రహ్మణ్యంగారు సుధ వైపు చూశారు. సుధ గబుక్కున ఆ వేలాడే వైరును సంచిలోకి తోసి, వేలెత్తింది.

"సైలెన్స్! రోలింగ్!"