నల్ల ఫిల్మ్ అంటించిన అద్దాల తలుపు

కోవిల్‌పట్టిలో తమ్ముడు కొత్త ఇంటికి అద్దాల తలుపులు పెట్టించాడు. "ఇది ఫ్రెంచి డోరు అక్కా! లోపలికి వెలుతురు రావాలని ఫ్రాన్సులో కిటికీనే నేలదాకా దించినారంట, అందుకే ఆ పేరు" అన్నాడు. అలా చెప్పినవాడే, ఎండ పడుతోందని దానికి నల్ల ఫిల్మ్ అంటించాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

అరుప్పుకోట్టై మగ్గాల వీధి స్నేహితులారా, మా తాత మగ్గం గదికి ఉన్న రెండు రెక్కల అద్దాల తలుపు గుర్తుందా? నూలు నుసి పట్టిన ఆ అద్దాల మీద మనం వేలితో బొమ్మలు గీసేవాళ్లం. "వేలు పెట్టొద్దండే! తాతకి పోగు కనపడాల కదా!" అని అరుస్తూ అవ్వ తడిగుడ్డతో వచ్చేది.

నిన్న ఆ నల్ల అద్దాన్ని ఊరికే ముట్టుకున్నాను. "వేలు పెట్టొద్దక్కా, మరక పడును!" అని తమ్ముడు అరిచాడు.

పట్టపగలు లైటు వేసుకుని కూర్చున్న ఇంట్లో, మరక పడితే ఎవరికి ఏం కనపడకుండా పోతుందిరా?