ఈ ఇల్లేనా, ఒదిల్?

భూకంపానికి ఉజ్బెకుల రాజధాని పాతబస్తీలోని మట్టి ఇల్లు కూలిపోయాక హోసియత్ ఓపాకి సర్కారువాళ్లు చిలంజార్ అనే కొత్త పేటలో ఫ్లాట్ ఇచ్చారు. నాలుగంతస్తుల భవనం, రెండు గదులు, కుళాయిలో వేడినీళ్లు. నెల అద్దె బజారులో మంచి పుచ్చకాయ ధర కన్నా కాస్త ఎక్కువ, అంతే. అయినా మొదటి ఏడాదంతా ఆవిడ తిట్టుకుంటూనే ఉందట. గోడ అవతల ఎవరో తుమ్మితే తన ఇంట్లో తుమ్మినట్టే ఉందని, కాళ్లకింద నేల లేదని. ఆ తర్వాత మా పెరట్లోనే, నాలుగు భవనాల మధ్య, మట్టితో రొట్టెల పొయ్యి కట్టేసింది. హౌసింగ్ ఆఫీసు వాళ్లు పడగొట్టడానికి వస్తే వేడివేడి రొట్టె చేతిలో పెట్టి పంపించింది. మళ్లీ రాలేదు.

ఆవిడని ఉజ్బెకులే కాదు, అందరూ ఓపా అనే పిలిచేవారు, అక్కా అని. మా అమ్మ క్లారా కొరియన్. కింద ఫ్లాట్‌లో ఉండే జినాయిదా రష్యన్. మా పై అంతస్తులో ఇస్కందర్ కుటుంబం, యుద్ధకాలంలో జార్జియా కొండల నుంచి తరిమేస్తే ఇక్కడికొచ్చి పడిన టర్కులు. అతను వెల్డరు. భార్య పెరీహాన్, ఇద్దరు ఆడపిల్లలు, చెవుడున్న ముసలి తల్లి. మా బ్లాకులోని పసిపిల్లల బడికి ఓపాయే వంటమనిషి. మాలో ఎవరు జావ తాగనని మొండికేసేవారో, ఎవరు రెండోసారి అడిగేవారో ఆవిడకి పెద్దయ్యాక కూడా గుర్తే.

ఎనభైతొమ్మిది జూన్‌లో ఫెర్గానా లోయలో ఉజ్బెకు మూకలు టర్కుల ఇళ్లు తగలబెట్టాయి. మా ఊరికి ముందు పుకార్లు వచ్చాయి. ఆ తర్వాత మనుషులు వస్తున్నారన్నారు. ఒకరోజు మధ్యాహ్నం జినాయిదా రొప్పుకుంటూ వచ్చింది. అవతలి బ్లాకులో కొందరు కుర్రాళ్లు కర్రలు పట్టుకుని టర్కులు ఎక్కడుంటారని అడుగుతున్నారట. మగవాళ్లంతా ఫ్యాక్టరీలో ఉన్నారు. ఇస్కందర్ మాత్రం నాలుగు రోజులుగా పనికి వెళ్లడం లేదు. గొడ్డలి పట్టుకుని మెట్ల మీద కూర్చున్నాడు.

"లే," అంది ఓపా.

"లేవను. నా గుమ్మం ఇది."

"గొడ్డలి పట్టుకుని ఇక్కడ కూర్చుంటే వాళ్లకి ఇల్లు చూపించినట్టే కదయ్యా! తెలివి తెల్లారినట్టే ఉంది. లే, అమ్మనీ పిల్లల్నీ తీసుకుని క్లారా ఇంట్లోకి పో."

అతను కదల్లేదు. పెరీహాన్ వచ్చి గొడ్డలి లాగేసుకుంది. అప్పుడు లేచాడు.

ఓపా ఆడవాళ్లందరినీ కిందికి పిలిచింది. "తరగాల్సింది ఏదున్నా తెచ్చుకోండి. నవ్వుతూ మాట్లాడుకోండి." మెట్లదారికి అడ్డంగా బెంచీ వేయించి, ఒళ్లో పసుపురంగు క్యారెట్ల పళ్లెం పెట్టుకుని మధ్యలో కూర్చుంది. ఒకపక్క మా అమ్మ, ఒకపక్క జినాయిదా.

నాకప్పుడు పన్నెండేళ్లు. మా ఇంట్లోనే, ఇస్కందర్ వాళ్లతో ఉండమన్నారు. కిటికీ మూస్తే అనుమానం వస్తుందని తెరిచే ఉంచారు. తెర చాటున నిలబడి చూస్తున్నాను.

ఏడెనిమిది మంది వచ్చారు. ముందున్నవాడు మా బ్లాకువాడు కాదు, తెల్లచొక్కా. వెనక, తల దించుకుని, ఒదిల్. మూడో భవనంలోని దర్జీ కొడుకు, అతనూ ఓపా చేతి జావ తాగి పెరిగినవాడే. మా ఇంటి వరుసకి వాళ్లని తీసుకొచ్చినవాడు అతనేనని చూడగానే తెలిసిపోయింది.

"ఓపా, సలాం. ఇందులో టర్కులు ఉంటారటగా?" అన్నాడు తెల్లచొక్కా.

"ఇందులో ఎవరు లేరు చెప్పు? కొరియన్లున్నారు, రష్యన్లున్నారు, నాలుగో అంతస్తులో ఓ గ్రీకు ముసలాయన ఉన్నాడు, వీణలాంటిదేదో వాయించి చంపుతాడు. నీకెవరు కావాలి?"

"టర్కులు."

"వాళ్లు పోయారు నాయనా."

"ఎప్పుడు?"

"మొన్న."

సరిగ్గా అప్పుడే మా గదిలో ముసలావిడ గట్టిగా అరిచింది, "ఈ పిల్ల కిటికీ దగ్గరేం చేస్తోంది?" అని. చెవుడున్నవాళ్ల గొంతు. ఇస్కందర్ గబుక్కున తన తల్లి నోరు చేత్తో మూసేశాడు. అతని చిన్నకూతురు నా గౌను అంచు పట్టుకుంది.

కింద తెల్లచొక్కా తల పైకెత్తాడు. "అది టర్కు మాట."

"మా అత్తగారు," అంది అమ్మ. "కొరియన్ మాట. దగ్గరకెళ్తే నీ చెవిలో కూడా అరుస్తుంది, పోతావా?"

ఎవరూ నవ్వలేదు. వాడు బెంచీ మీద కాలు పెట్టాడు. "పక్కకి జరగండి. పైకెళ్లి చూస్తాం."

ఓపా జరగలేదు. క్యారెట్ తరగడం మాత్రం ఆపింది. వాడి వైపు కాకుండా వెనక్కి చూసి అడిగింది.

"ఒదిల్, నువ్వు చెప్పు. ఈ ఇల్లేనా?"

ఒదిల్‌కి అన్నీ తెలుసు. ఇస్కందర్ పెద్దకూతురితో కలిసి చదువుకున్నాడు.

తెల్లచొక్కా ఒదిల్ భుజం పట్టి ఊపాడు. "చెప్పరా!"

ఒదిల్ ఓపా ముఖంలోకి చూడలేకపోయాడు. ఆవిడ చేతుల్ని, పసుప్పచ్చగా అయిపోయిన వేళ్లని చూస్తూ ఉండిపోయాడు.

"కాదు," అన్నాడు చివరికి. "పొరపాటు పడ్డాను. వాళ్లు వెళ్లిపోయారు."

చెంప మీద ఒక్కటి పడింది అతనికి. పోతూపోతూ జినాయిదా పూలకుండీలు రెండు తన్ని పగలగొట్టారు. ఒదిల్ వాళ్లతోనే వెళ్లాడు, మూతి తుడుచుకుంటూ.

వాళ్లు మలుపు తిరిగాక ఓపా కత్తి పక్కన పెట్టింది. అరచేయి కత్తికి తెగి ఉంది, ఎప్పుడు తెగిందో ఆవిడకే తెలియదు.

ఇస్కందర్ వాళ్లు ఆగస్టులో వెళ్లిపోయారు, రష్యాలో ఏదో పొలాల ఊరికి. అప్పటికి వీధుల్లో సైనికులు తిరుగుతున్నారు, గొడవలు సద్దుమణిగాయి. సామాను లారీకెక్కిస్తుంటే ఓపాకి కోపం వచ్చింది.

"మేమంతా లేమా? ఆ రోజు నిలబడలేదా?"

"నిలబడ్డారు ఓపా. చచ్చేదాకా మర్చిపోను," అన్నాడు ఇస్కందర్. "కానీ మీరు బడికెళ్లిన రోజున వాళ్లొస్తే? ఎవరో ఒకరు గుమ్మంలో కూర్చుంటే తప్ప బతకలేని చోట ఆడపిల్లల్ని ఎలా పెంచను?"

ఓపా లారీ కదిలేదాకా అక్కడే నిలబడి, తర్వాత ఇంట్లోకి పోయి తలుపేసుకుంది. ఆ సాయంత్రం పొయ్యి వెలిగించలేదు.

ఒదిల్ సంగతి ఆవిడ అతని తల్లితో ఎప్పుడూ అనలేదు, మమ్మల్నీ అననివ్వలేదు. వాడు మాత్రం ఎదురైనప్పుడల్లా గుండె మీద చెయ్యి పెట్టి సలాం చేసేవాడు. ఓపా తల తిప్పుకునేది. వాడికి పెళ్లయింది, పిల్లలు పుట్టారు, వాళ్లు ఆవిడ చేతి జావే తాగారు. అయినా సలాముకి మాత్రం జవాబు లేదు.

"వాడు కాదనకపోతే ఆ రోజు ఏమయ్యేది ఓపా?" అని ఒకసారి నేను అడిగాను.

"చూపించిందీ వాడే, కాదన్నదీ వాడే," అంది. "ఆ ఇద్దరిలో సలాం చేస్తున్నది ఎవరో నాకు తెలియడం లేదే."

ఓ చలికాలం ఆవిడ నిద్రలోనే పోయింది. పాడె మోసినవాళ్లలో ఒదిల్ కూడా ఉన్నాడు. మా అమ్మ చూసింది. జినాయిదా చూసింది. ఎవరూ వద్దనలేదు.