ఫోన్‌లో జనవరి

మాది కాకినాడ. తాండూరులో ఒక స్కూల్లో టీచరు ఉద్యోగానికి ఆ రోజు పదకొండింటికి ఇంటర్వ్యూ. వికారాబాద్‌లో బస్సెక్కాక, ఆన్‌లైన్‌లో దాచుకున్న సర్టిఫికెట్లు ఒకసారి చూసుకుందామనుకున్నాను. అవి తెరుచుకోలేదు. సిగ్నల్ నిండుగా ఉంది. ఫోన్ ఆపి, మళ్ళీ వేశాను. ఎన్నిసార్లు నొక్కినా ‘కనెక్ట్ కాలేదు’ అనే వచ్చింది. అసలు కాగితాలు ఇంట్లోనే ఉండిపోయాయి, ఇవీ లేకుండా వెళ్తే ఎవరు లోపలికి రానిస్తారు? ఏడుపొక్కటే తక్కువ.

పక్క సీట్లో ఒక పెద్దావిడ, గొర్రెలు కాసే మనిషి, గొంగడి ఒళ్ళో పెట్టుకుని నన్నే చూస్తోంది.

"పరేషాన్ గాకమ్మా. బయట వానలు పడుతుంటె నీ ఫోన్ల జనవరి ఉందేంది?"

నిజమే! రాత్రి ఛార్జింగ్ పూర్తిగా అయిపోయి, తేదీ మారిపోయింది.

"తారీఖు తప్పుంటె ఏదీ తెరుసుకోదు. మా ఇంట్ల గిట్లనే అయితే నా బిడ్డనే సక్కజేసింది."

తేదీ సరిచేశాను. డిగ్రీ, బీఈడీ, మార్కుల జాబితాలు అన్నీ వచ్చేశాయి. ప్రాణం లేచొచ్చింది. బ్యాగులోంచి చాక్లెట్ల పొట్లం తీసి, "పాపకివ్వండమ్మా" అన్నాను.

ఆమె పకపకా నవ్వింది. "పాపనా? నా బిడ్డ కాలేజీల పాఠాలు చెప్తది. మా దిక్కు బిడ్డంటె కూతురమ్మా. ఎంత పెద్దగైనా బిడ్డనే."

నేను సిగ్గుపడి పొట్లం వెనక్కి తీసుకోబోయాను.

"ఇటియ్యి," అంటూ లాక్కుంది. "గామె ఇప్పటికీ గివే తింటది."