తంపటి కోడి

ఆ రోజుల్లో ఫలానాది మనకు రాదని నలుగురిలో ఒప్పుకోవడం కన్నా ఇల్లు తగలబెట్టుకోవడమే నయమనిపించేది. వయసు అలాంటిది. పెళ్లయి విజయనగరం నుంచి భిలాయి సెక్టర్ 2 క్వార్టర్‌లోకి కొత్తగా వచ్చాను. మా వరసలో బెంగాలీలు, పంజాబీలు, మలయాళీలు, అందరూ ఉక్కు ప్లాంటువాళ్లే. నెలకో ఆదివారం ఒకరింట్లో విందు. మా వంతు రాబోతుండగా మావారి పై ఆఫీసరు భార్య (చాటున మహారాణీగారు అనేవాళ్లం, వీధి మొత్తానికి ఓవెన్ ఉన్నది ఆవిడకే) నవ్వుతూ, "ఆంధ్రావాలోం కే ఘర్ మే ఇమ్లీ హీ మిలేగీ" అంది. మనకు చింతపండు తప్ప ఏమీ తెలియదని తాత్పర్యం. మావారికి పౌరుషం పొడుచుకొచ్చింది. నిండు కోడిని ముక్క కొయ్యకుండా రోస్ట్ చేస్తుంది మా ఆవిడ, అని అక్కడికక్కడే చెప్పేశారు. నేను నిండు కోడిని చూసింది అది పెరట్లో తిరుగుతున్నప్పుడే.

"ఏటండీ, ఓవెన్ లేకుండా రోస్ట్ ఎలాగవుతాది? మన పరువు పోతాది" అన్నాను ఇంటికొచ్చాక.

"ఫర్నేసోడి పెళ్లానివి, నిప్పుకి భయపడతావేటే?" అన్నారాయన. (ఇనప దిమ్మల్ని ఎర్రగా కాల్చే కొలిమి దగ్గర ఆయన ఉద్యోగం.) మహారాణీగారి ఓవెన్ చచ్చినా అడగను. ఏడుపు మింగుకుని కూర్చుంటే, మా అమ్మమ్మ తేగలు తంపటి వేసే పద్ధతి గుర్తొచ్చింది. కుండ నిండా తేగలు కూరి, మూతికి గడ్డి కుక్కి, బోర్లించి, చుట్టూ పిడకలు పేర్చి కాలుస్తారు. తేగ ఉడికే చోట కోడి ఉడకదా?

క్యాంప్ 2 బజారులో పెద్ద కుండ కొన్నాం. కోడికి ఉప్పు, కారం, అల్లం వెల్లుల్లి, ఇంకోటి కూడా (అదేమిటో తర్వాత చెబుతాను) దట్టంగా పట్టించి, అరిటాకుల్లో చుట్టి కుండలో పెట్టాను. ఆదివారం అతిథులంతా పెరట్లో కుర్చీలేసుకుని కూర్చున్నారు. పిడకలు చక్కగా కాలుతుంటే మావారు ఆగలేక పైన బొగ్గులు పొయ్యడం మొదలుపెట్టారు.

"ఏటండీ, కోడిని కాలుస్తన్నారా, కడ్డీని కాలుస్తన్నారా?"

"కుండ ఎరుపెక్కలేదే ఇంకా. రంగు రాందే మేం ఏదీ బయటికి తియ్యం."

మహారాణీగారు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, అడిగితే నా ఓవెన్ ఇచ్చేదాన్ని కదా అని హిందీలో జాలిపడింది. సరిగ్గా అప్పుడే మావారు ఇనప ఊచతో కుండను ఓ తట్టు తట్టారు. ఠప్పున రెండు చెక్కలైంది. నాకు ప్రాణం పోయినంత పనైంది.

ముందు వాసన వచ్చింది. పటకారు పట్టుకుని మాడిన ఆకులు ఒక్కొక్కటే తీశాను. లోపల నిండు కోడి, ఎర్రగా నిగనిగలాడుతూ, చెక్కు చెదరకుండా ఉంది. కాలు పట్టుకుంటే కాలు ఊడి చేతికొచ్చింది. పక్కింటి బెంగాలీ దీదీ చప్పట్లు కొట్టింది. మహారాణీగారు రుమాలు పక్కన పడేసి, తిని, వేళ్లు నాకి, ఇంకో ముక్క అడిగి మరీ తింది.

"బహూ, ఇత్‌నా స్వాద్! క్యా డాలా ఇస్‌మే?" అంది, ఇందులో ఏం వేశావని.

"ఇమ్లీ, దీదీ" అన్నాను.

ఇప్పుడు భిలాయిలోనే మా స్మృతి నగర్ ఇంట్లో అద్దం తలుపు ఓవెన్ ఉంది. రిటైరైన మావారు దాని ముందు వంగి, "రంగు రాలేదే ఇంకా" అంటారు. నేను కొలతలు చూసుకుని, ఎందుకైనా మంచిదని మనవరాలిని రెండుసార్లు అడిగి మరీ మీట నొక్కుతాను. మసి మొహంతో, పొగకు ఎర్రబడ్డ కళ్లతో, పగిలిన కుండ పక్కన తలెత్తుకు నిలబడ్డ ఆనాటి ఆ పిల్లంటే నాకిప్పటికీ ముచ్చటే. దానికి ఎవరినీ ఏదీ అడిగే అలవాటు లేదు.